ట్రేడ్‌మార్కు దావా గెలిచాక ఖర్చులు ఎంత తిరిగొస్తాయి? చెన్నై కమర్షియల్ కోర్టుల పద్ధతిపై సమీక్ష

చెన్నైలో పచ్చళ్లు, మసాలా పొడులు, చీరలు సొంత పేరుతో అమ్ముకునే తెలుగు వ్యాపారులు ట్రేడ్‌మార్కు దావా వేసేముందు లాయరును తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "గెలిస్తే మన ఖర్చులు అవతలివాడు కడతాడా అండీ?" కడతాడు. అయితే మొత్తం కట్టడు. అడగకపోతే అసలే కట్టడు, అడిగినా కాగితం లేని రూపాయి కట్టడు. మేధోసంపత్తి వివాదం ముగిశాక కోర్టు ఖర్చులు తేల్చే ఈ పద్ధతిని, డబ్బు పెట్టి వాడుకునే ఒక సేవగానే తీసుకుని, ఏ మెట్టు దగ్గర ఎంత పని చేస్తుందో ఇక్కడ చూద్దాం.

ఈ విషయంలో చెన్నైతో ముడిపడి ఉన్నది ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లు మాత్రమే కాదు. గిండీలోని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పరిధిలోకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా వస్తాయి. విజయవాడ నుంచి అప్లికేషన్ పెట్టినా ఫైలు గిండీదే. రిజిస్ట్రీ ఆర్డర్ల మీద అప్పీళ్లు వినే బోర్డు కూడా 2003 నుంచి చెన్నై కేంద్రంగానే ఉండేది. 2021లో దాన్ని రద్దు చేసి ఆ పనిని హైకోర్టులకు అప్పగించారు. మద్రాసు హైకోర్టులో ఐపీ (మేధోసంపత్తి) కేసులకు ప్రత్యేక డివిజన్ 2023లో మొదలైంది. బెంగళూరులో దారి వేరు. కర్ణాటక హైకోర్టు ఇలాంటి దావాలను నేరుగా తీసుకోదు, నగరంలోని కమర్షియల్ కోర్టులోనే వేయాలి. ఖర్చుల చట్టం మాత్రం రెండు ఊళ్లకూ ఒకటే.

ముందు ఆ చట్టం సంగతి. మామూలు సివిల్ దావాల్లో ఖర్చులు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35 కింద వస్తాయి. అబద్ధపు కేసు వేసినందుకు పరిహారంగా ఇచ్చే ఖర్చులకు సెక్షన్ 35ఏ ఉంది, దాని గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలు. ఖర్చులు వాస్తవానికి దగ్గరగా ఉండాలని సేలం న్యాయవాదుల సంఘం కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కానీ 2011లో సంజీవ్ కుమార్ జైన్ కేసు వచ్చేసరికి, ఢిల్లీ హైకోర్టు వేసిన 45 లక్షలకు పైగా ఖర్చులను సుప్రీంకోర్టే కొట్టేసింది. నిబంధనల్లో లేనిదాన్ని, పార్టీ నిజంగా పెట్టిందన్న ఒక్క కారణంతో ఇవ్వడం కుదరదంది. అంటే జబ్బు తెలుసు, మందు చట్టంలో లేదు.

ఆ మందు 2015లో కమర్షియల్ కోర్టుల చట్టంతో వచ్చింది. కమర్షియల్ వివాదాలకు సెక్షన్ 35ను పూర్తిగా తిరగరాశారు, 35ఏలోని 3,000 పరిమితిని తీసేశారు. కొత్త సెక్షన్ ప్రకారం ఓడినవాడు గెలిచినవాడి ఖర్చులు కట్టడం సాధారణ నియమం. దానికి భిన్నంగా చేయాలంటే జడ్జి కారణాలు రాయాలి. సాక్షుల ఖర్చులు, లాయరు ఫీజులు, కేసుకు సంబంధించిన ఇతర ఖర్చులు, మూడూ ఇందులోకి వస్తాయి. అయితే "సమంజసమైన" అన్న మాట ముందే ఉంది. కత్తిరింపులన్నీ ఆ మాట పేరుతోనే జరుగుతాయి. కమర్షియల్ వ్యవహారాల్లో ఫలితాన్ని బట్టే ఖర్చులు నడవాలని 2021లో యూఫ్లెక్స్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. అది తమిళనాడు ప్రభుత్వ టెండరు మీద వచ్చిన కేసే.

ఇక్కడే చాలామంది చేజేతులా నష్టపోయే చోటు ఒకటుంది. ఈ కొత్త నియమం వర్తించాలంటే దావా విలువ కనీసం 3 లక్షలు ఉండాలి. మొదట ఇది కోటి, 2018లో తగ్గించారు. కోర్టు ఫీజు మిగులుతుంది కదా అని విలువను 3 లక్షల లోపు చూపితే దావా మామూలు సివిల్ దావా అయిపోతుంది, ఖర్చులకు పాత చట్టమే దిక్కవుతుంది. ఫీజులో కొన్ని వేలు మిగిల్చి, చివర్లో కొన్ని లక్షలు వదులుకున్నట్టు.

రేటింగ్ అడిగితే, చట్టానికి 5కి 4.5. రాసిన తీరు చాలా బాగుంది. మొత్తంలో ఇంత వాటా అని, ఒక నిర్ణీత మొత్తమని, ఫలానా తేదీ నుంచి అని, ఫలానా మెట్టు వరకే అని, దావాకు ముందు పెట్టిన ఖర్చు అని, దాని మీద వడ్డీ అని జడ్జి ఎన్ని రకాలుగానైనా ఆర్డరు వేయవచ్చు. ఈ పనిముట్లన్నీ పెట్టెలోనే ఉన్నాయి. వాటిని బయటికి తీయించడం మన లాయరు పని.

జడ్జి చూసే విషయాలు ఐదు: పార్టీల నడవడిక, కేసులో కొంతభాగమే గెలిచారా, పస లేని ఎదురు దావా వేసి కాలయాపన చేశారా, సమంజసమైన రాజీ ప్రతిపాదనను అకారణంగా తిరస్కరించారా, అసలు దావాయే పనికిమాలినదా. వీటిలో నడవడిక, రాజీ ప్రతిపాదన అన్న రెండూ లెక్కను ఎక్కువగా తలకిందులు చేయగలవు.

నడవడిక అంటే కోర్టులో మర్యాదగా నిలబడటం అనుకోకండి. ట్రేడ్‌మార్కు కేసుల్లో వాది తరచూ దొరికిపోయేది తన రిజిస్ట్రీ ఫైలులోనే. రిజిస్ట్రేషన్ కోసం ఎగ్జామినేషన్ రిపోర్టుకు (అప్లికేషన్ చూసి రిజిస్ట్రీ లేవనెత్తే అభ్యంతరాలకు) జవాబిస్తూ "మా పేరుకూ ఆ పేరుకూ పోలికే లేదు" అని రాస్తారు. తర్వాత అదే పేరువాడి మీద "అచ్చం మా పేరే" అంటూ దావా వేసి, పాత జవాబును జతచేయరు. అవతలి లాయరు దాన్ని రిజిస్ట్రీ వెబ్‌సైటు నుంచి నిమిషాల్లో దించుకుంటాడు. నిజం దాచి ఇంజంక్షన్ (ఆ పేరు వాడొద్దన్న నిలుపుదల ఉత్తర్వు) తెచ్చుకున్నారని తేలితే ఇంజంక్షన్ పోతుంది, ఖర్చులు తిరిగి వాది మీదే పడతాయి. అలాగే అవతలివాళ్ల మాట వినకుండా ఇచ్చే ఇంజంక్షన్ వచ్చినప్పుడు, ఆ రోజే లేదా మర్నాడే అన్ని కాగితాలూ ప్రతివాదికి పంపి, పంపినట్టు అఫిడవిట్ వేయాలి. ఇది సాగదీసినా అదే ఖాతాలో పడుతుంది.

రాజీ ప్రతిపాదన విషయంలో మెళకువ ఇంకా ఎక్కువ కావాలి. "లేబుల్ మారుస్తాను, ఉన్న సరుకు 60 రోజుల్లో ఖాళీ చేస్తాను, 2 లక్షలు ఇస్తాను" అని ప్రతివాది ముందే అన్నాడనుకుందాం. వాది కాదన్నాడు, మూడేళ్ల తర్వాత కోర్టు ఇచ్చిందీ దాదాపు అంతే. అప్పుడు ఆ తిరస్కరణ తేదీ తర్వాతి ఖర్చులు వాదికి ఇవ్వొద్దని ప్రతివాది అడగవచ్చు. కానీ ఆ ప్రతిపాదన కోర్టు ముందు పెట్టగలిగే రూపంలో ఉండాలి. దావాకు ముందు జరిగే మీడియేషన్‌లో అన్న మాటలు గోప్యం, వాటిని కోర్టుకు చూపడం కుదరదు. "వితౌట్ ప్రిజుడిస్" (ఇందులోని మాటలను నాకు వ్యతిరేకంగా వాడరాదు) అని తలకట్టు పెట్టిన ఉత్తరాన్నీ సాక్ష్యంగా చూపడం కష్టం. అందుకని మీడియేషన్ బయట, విడిగా, తేదీ వేసి, ఒప్పుకోవడానికి గడువు పెట్టి ఒక ఉత్తరం పంపాలి. దాంట్లో "ఖర్చుల నిర్ణయానికి తప్ప మరి దేనికీ ఈ ఉత్తరాన్ని వాడరాదు" అన్న వాక్యం ఉండాలి. ఇంగ్లాండ్‌లో 1970ల నుంచీ పాతుకుపోయిన అలవాటు ఇది. మన సెక్షన్ 35లోని రాజీ నిబంధనకు అతికినట్టు సరిపోతుంది. ఇంత విలువైన కాగితాన్ని మనవాళ్లు ఇంత తక్కువగా వాడటం నిజంగా బాధ కలిగిస్తుంది.

మీడియేషన్ మాట వచ్చింది కాబట్టి: అత్యవసర మధ్యంతర ఉత్తర్వు అడగని కమర్షియల్ దావాకు ముందుగా మీడియేషన్ తప్పనిసరి. అప్లికేషన్ ఫీజు 1,000 రూపాయలు, మీడియేషన్ ఫీజు ఇద్దరూ సగం సగం. దీన్ని దాటేస్తే ప్లెయింటునే (దావా పత్రాన్నే) తిరస్కరిస్తారని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పించుకోవడానికి లేని అత్యవసరాన్ని సృష్టిస్తే కోర్టు పసిగట్టవచ్చని 2023లో ఒక ట్రేడ్‌మార్కు కేసులోనే చెప్పింది. నకిలీ సంగతి తెలిసి ఏడాది పాటు ఊరుకున్నవాళ్లు ఈ రెండో మాటను గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు సరుకు, ఖర్చుల మెమో, అంటే పెట్టిన ఖర్చులన్నిటినీ చూపుతూ కోర్టులో వేసే జాబితా. ప్లెయింటు చివర "ఖర్చులతో సహా" అని రాస్తే చాలదు. తీర్పులో కూడా ఆ రెండు మాటలే వస్తే లెక్క టాక్సింగ్‌కు (కోర్టు సిబ్బంది ఖర్చులు లెక్కగట్టే దశకు) పోతుంది. అక్కడ ఫీజు నిబంధనల పట్టిక ప్రకారం లెక్కేస్తారు, ఆ పట్టికకూ మీరు కట్టినదానికీ పొంతన ఉండదు. వాదనలు ముగిసేలోపే మెమో వేసి, సెక్షన్ 35 కింద ఇంత మొత్తం అని తీర్పులోనే అంకె రాయమని అడగాలి. రాతపూర్వక వాదనల్లో దీనికి ఒక పేజీ కేటాయించాలి.

ఒక మెమో ఎలా ఉండాలో ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. కొత్వాల్ చావడిలో కారప్పొడి అమ్మే తెలుగు సంస్థ, తన పేరునూ ప్యాకెట్ డిజైన్‌నూ కాపీ కొట్టినవాడి మీద వేసిన దావా. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (సమన్లు పంపే ఫీజు) కలిపి 60,000. దావాకు ముందు లీగల్ నోటీసు, నకిలీ ప్యాకెట్ల కొనుగోలు, రిజిస్ట్రేషన్ సర్టిఫైడ్ కాపీలకు 40,000. నకిలీ సరుకు స్వాధీనానికి కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనరుకు 75,000. గుంటూరు నుంచి వచ్చిన సాక్షుల ప్రయాణం, బస 25,000. లాయరు ఫీజు 4,00,000. అందులో ప్లెయింటు, ఇంజంక్షన్ దశకు 1,50,000, సాక్ష్యం దశకు 1,50,000, తుది వాదనలకు 1,00,000. మొత్తం 6,00,000.

తీర్పులో ట్రేడ్‌మార్కు అంశం గెలిచింది, ప్యాకెట్ బొమ్మ మీద కాపీరైటు అంశం ఓడింది అనుకుందాం. కాపీరైటు చట్టం సెక్షన్ 55 కూడా ఖర్చులను కోర్టు విచక్షణకే వదిలింది. పాక్షిక విజయమని జడ్జి లాయరు ఫీజులో 70 శాతమే ఇచ్చి మిగతావి పూర్తిగా ఇస్తే 2,80,000, 2,00,000 కలిపి 4,80,000 వస్తుంది. లాయరు బిల్లు దశలవారీగా ఉండబట్టే ఈ 70 శాతం అన్న లెక్కకు ఒక ఆధారం దొరికింది. "ప్రొఫెషనల్ ఫీజు 4,00,000" అని ఒకే గీతలో, అంటే ఒకే పద్దుగా, ఉన్న బిల్లు అయితే, ఏది ఎందుకో తెలియక, జడ్జి తనకు తోచిన గుండు అంకె వేస్తారు. ఆ అంకె ఎప్పుడూ తక్కువే.

ప్రతి గీతకూ వెనక కాగితం ఉండాలి. నకిలీ ప్యాకెట్ కొన్నప్పుడు దుకాణదారు బిల్లు తీసుకోవాలి. బిల్లు ఇవ్వకపోతే యూపీఐ చెల్లింపు, తేదీ కనిపించేలా ఫోటో. ఫోటో, స్క్రీన్‌షాట్, వాట్సాప్ ఆర్డరు ఏవైనా భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు), రెండూ లేకుండా నిలబడవు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టంలోని 65బీ సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇదే. లాయరు ఫీజు బ్యాంకు ద్వారా కట్టాలి. టీడీఎస్ పట్టి ఉంటే ఆ సర్టిఫికెట్ ఫీజు నిజంగా కట్టారనడానికి మంచి రుజువు. నగదు ఇచ్చి చీటీ రాయించుకున్నది మెమోలో పెట్టకపోవడమే మేలు, మిగతా గీతల మీద కూడా అనుమానం తెస్తుంది. లాయరు సేవల మీద రివర్స్ చార్జి (సేవ తీసుకున్నవాళ్లే పన్ను కట్టే పద్ధతి) కింద జీఎస్టీ కట్టి, ఆ మొత్తానికి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నవాళ్లు దాన్ని మళ్లీ ఖర్చుగా చూపకూడదు. తెలుగులో ఉన్న బిల్లులు, లేబుళ్లు, ఒప్పందాలకు ఇంగ్లిష్ అనువాదం వేయాలి, ఆ అనువాదం ఖర్చూ మెమోలో ఒక గీతే. దీన్ని తరచూ మర్చిపోతారు.

కత్తిరింపులు ఎక్కడ పడతాయో ముందే తెలిస్తే మంచిది. ఒకే వాయిదాకు ఇద్దరు సీనియర్లను పెట్టుకుంటే ఒకరి ఫీజు పోయినట్టే. వాయిదా మీరే అడిగిన రోజు ఫీజు రాదు. ఆలస్యంగా వేసిన డాక్యుమెంట్ల కోసం పెట్టిన పిటిషన్ల ఖర్చూ రాదు. రిజిస్ట్రీలో జరిగిన అభ్యంతరాల ప్రక్రియ ఖర్చును దావా మెమోలో కలిపితే కొట్టేస్తారు, అది వేరే ప్రొసీడింగ్.

మధ్యలో పడే ఖర్చుల లెక్క వేరు. ప్రతివాది 30 రోజుల్లో జవాబు వేయకపోతే ఖర్చులు కట్టి 120 రోజుల వరకు వేయవచ్చు. ఆ తర్వాత ఏ ఖర్చులు కట్టినా కుదరదు. వాయిదాకు వేసిన ఖర్చులు తర్వాతి తేదీకి కట్టకపోతే, సెక్షన్ 35బీ కింద వాళ్ల కేసు ముందుకు కదలదు. కట్టేసినవాటిని తుది మెమోలో మళ్లీ అడగకూడదు. కట్టనివాటికి విడి ఆర్డరు తీసుకుని వసూలు చేసుకోవాలి.

కోర్టులో ఈ చట్టం వాడకానికి 5కి 3. రెక్టిఫికేషన్ పిటిషన్లు (రిజిస్టరులోని పేరును తీసేయమని లేదా సవరించమని అడిగేవి), రిజిస్ట్రీ అప్పీళ్లు "ఖర్చుల ఆర్డరు లేదు" అన్న వాక్యంతో ముగియడం పాత అలవాటు. దావాలో మాత్రం ఆ వాక్యానికి కారణం రాయాలని చట్టమే అంటోంది. తీర్పు చదివిన రోజే ఆ పేరా చూసుకోవాలి. ఖర్చుల మీద మాత్రమే అప్పీలు వేస్తే "విచక్షణ" అని పక్కన పెట్టే అవకాశమే ఎక్కువ. కారణం రాయలేదన్నదే అక్కడ గట్టి పాయింటు.

రిజిస్ట్రీలో ఖర్చుల గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి. రిజిస్ట్రారుకు ఖర్చులు వేసే అధికారం ఉంది, ఆ ఆర్డరును సివిల్ డిక్రీలా (సివిల్ కోర్టు తుది ఉత్తర్వులా) అమలు చేయవచ్చు కూడా. ఆన్‌లైన్‌లో అభ్యంతరం ఫీజే క్లాసుకు 2,700. అక్కడ వచ్చే ఖర్చులు లాయరు బిల్లుకు ఆనవు. మన పేరు రిజిస్ట్రేషన్ మీద విదేశీ సంస్థ అభ్యంతరం వేసి, దానికి ఇక్కడ వ్యాపారం లేకపోతే, ఖర్చులకు ముందే సెక్యూరిటీ అడగవచ్చు. చిన్న వ్యాపారికి ఇది మంచి ఆయుధం.

ఖర్చులనూ నష్టపరిహారాన్నీ కలగలపడం ఇంకో పొరపాటు. ఢిల్లీ హైకోర్టు 2019లో ఫిలిప్స్ కేసులో ఒక కొలబద్ద ఇచ్చింది. తెలియక మొదటిసారి చేసినవాడికి ఇంజంక్షన్ ఒక్కటే. తెలిసి మొదటిసారి చేస్తే ఇంజంక్షన్‌తో పాటు కొంత ఖర్చు. తెలిసి మళ్లీ మళ్లీ చేస్తే ఖర్చులు, కొంత నష్టపరిహారం. అక్కడి నుంచి తీవ్రతను బట్టి పైకి. చెన్నైలో ఇది కట్టుబడాల్సిన తీర్పు కాదు గానీ వాదనలో చూపదగ్గది. ప్రతివాది కుర్చీలో ఉన్న చిల్లర దుకాణదారుకు ఇందులో సూచన ఉంది. హోల్‌సేల్ బిల్లు చూపించి, సరుకు తీసేసి, మొదటి వాయిదాలోనే అండర్‌టేకింగ్ (ఇక అమ్మనన్న హామీ) ఇచ్చేస్తే, తన మీద ఖర్చులు వేయొద్దని గట్టిగా అడగవచ్చు. జవాబు ఇవ్వకుండా తిరిగితే ఆ అవకాశం పోతుంది.

రాజీ పడితే ఖర్చుల సంగతి రాజీ పత్రంలో రాసుకోవాలి. రాయకపోతే ఎవరివి వాళ్లవే. కోర్టు ఫీజు మాత్రం ప్రభుత్వం నుంచి వెనక్కి వస్తుంది. తమిళనాడు కోర్టు ఫీజుల చట్టంలోని 69ఏ కింద, కోర్టు బయట తమంతట తాము రాజీ పడినవాళ్లకూ పూర్తి వాపసు ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు మద్రాసు హైకోర్టు రిజిస్ట్రీకే చెప్పింది. ఈ వాపసు అడిగే పిటిషన్ వేయడం మర్చిపోకండి.

ఇంగ్లాండ్‌లో చిన్న ఐపీ కేసుల కోర్టులో బాధ్యత తేల్చే దశకు 60,000 పౌండ్లు, పరిహారం లెక్కకు 30,000 పౌండ్లు ఖర్చుల గరిష్ఠ పరిమితి. 2022 అక్టోబరు నుంచి ఇవే అంకెలు. ఓడితే ఎంత పోతుందో దావా వేసేరోజే తెలుస్తుంది. మన దగ్గర అలాంటి పరిమితి లేకపోవడం చిన్న వ్యాపారికి పెద్ద లోటు. చెన్నై, బెంగళూరు కోర్టుల్లో అలాంటి పట్టిక రావాలని గట్టిగా కోరుకుంటున్నాం.

వసూలుకు 5కి 2. డిక్రీ చేతికొచ్చినా డబ్బు దానంతట రాదు. అమలు పిటిషన్ వేయడానికి 12 ఏళ్ల గడువుంది, కానీ అంతకాలం ఆగితే అవతలి దుకాణం బోర్డు మారిపోతుంది. దావా నడుస్తుండగానే ప్రతివాది బ్యాంకు ఖాతా, జీఎస్టీ నంబరు, బాకీదార్ల పేర్లు రాసిపెట్టుకోవాలి. అతని ఇన్‌వాయిస్ కింద ఉండే బ్యాంకు వివరాలే జప్తుకు మొదటి దారి. ఆస్తి గుంటూరులోనో నెల్లూరులోనో ఉంటే చెన్నై కోర్టు నేరుగా ముట్టుకోలేదు, డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించుకోవాలి. ఆ ప్రయాణానికి నెలలు పడతాయి కాబట్టి ఖర్చుల మీద వడ్డీని తీర్పులోనే అడిగి ఉండాలి. సర్టిఫైడ్ కాపీకి తీర్పు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టండి. అవతలివాళ్లకు అప్పీలు గడువు 60 రోజులు. అప్పీలుతో పాటు స్టే అడిగితే, ఖర్చుల మొత్తాన్ని కోర్టులో డిపాజిట్ చేయాలన్న షరతు పెట్టమని మొదటి వాయిదాలోనే పట్టుబట్టాలి.